పటం వెనుక పేరు

మా గంగారం ప్రాంతంలో చట్రం కట్టించి గోడకు తగిలించిన ఛాయాచిత్రాన్ని పటం అంటారు. పూరిపాకలోనైనా పెంకుటింటిలోనైనా దేవుని పటం పక్కన పెద్దల పటం ఒకటి తప్పక ఉంటుంది. అటువంటి పాత పటాన్ని గోడమీది నుండి దించి వెనుకకు త్రిప్పి చూస్తే, అట్టమీద ఊదారంగు సిరాతో వేసిన రబ్బరు ముద్ర ఒకటి కనిపిస్తుంది. అందులో స్టూడియో పేరు, ఊరి పేరు, కొన్నిటిపై తేదీ కూడా ఉంటాయి. ముందువైపున ఉన్న ముఖాన్ని అందరూ చూస్తారు. వెనుకవైపున ఉన్న పేరును చూసేవారు అరుదు. కాని ఆ ముఖాన్ని మనకు నిలిపి ఇచ్చినవాడు ఆ పేరుగలవాడే. ఆ పేరుకు గల విలువ ఏమిటో, అది ఏ విధంగా చెరిగిపోతున్నదో, దానిని నిలుపుకొనే మార్గం ఏదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గంగారం నేడు మహబూబాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016లో జిల్లాల పునర్విభజన జరుగకముందు ఈ పల్లెలు వరంగల్ జిల్లాలోని కొత్తగూడ మండలంలో ఉండేవి. చుట్టూ అడవి, అడవి నడుమ కోయగూడేలు, వానకాలంలో దారులను మూసివేసే వాగులు. నా చిన్నతనంలో ఫోటో దిగాలంటే బస్సెక్కి నర్సంపేటకు పోవలసి వచ్చేది. ఉతికిన బట్టలు మూటగట్టుకొని పోయి, స్టూడియో అద్దం ముందు తల దువ్వుకొని, ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే జరిగే పని అది. అందువల్ల మా పెద్దలకు ఛాయాచిత్రమంటే ఒక రకమైన భక్తి. దానిని తీసినవాడన్నా గౌరవమే.

ఈ కళ పుట్టుకలోనే మనం గుర్తుంచుకోదగిన విశేషం ఒకటి ఉన్నది. 1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరంలో డాగెర్ ఛాయాచిత్రణ విధానాన్ని బహిరంగంగా వివరించారు. ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవాన్ని మనం ఆ తేదీననే జరుపుకొంటున్నాము. ఫ్రెంచి ప్రభుత్వం ఆ విధానాన్ని లోకానికి కానుకగా ఇచ్చిందని చాలామంది చెబుతారు. అది నిజమే. అయితే ఆ కానుకకు ముందు ఒక ఒప్పందం జరిగింది. డాగెర్‌కు ఏటా 6,000 ఫ్రాంకులు, అతనితో కలిసి కృషిచేసి అప్పటికే కన్నుమూసిన నియెప్స్ కుమారునికి ఏటా 4,000 ఫ్రాంకులు జీవితాంతం చెల్లించేందుకు ప్రభుత్వం అంగీకరించింది. ఆ తరువాతనే ఆ రహస్యాన్ని లోకానికి వెల్లడించింది. అనగా ఇచ్చినవారు తెలిసి ఇచ్చారు, పుచ్చుకొన్నవారు ప్రతిఫలం చెల్లించి పుచ్చుకొన్నారు. కానుకకైనా ఈ మర్యాద అవసరం.

మన ప్రాంతంలోనూ ఛాయాచిత్రకారుని పేరుకు గౌరవం దక్కిన చరిత్ర ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో లాలా దీన్‌దయాళ్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదును పొందాడు. సికింద్రాబాదులో అతని స్టూడియో ఉండేది. కోటలను, దర్బారులను, కరవు దృశ్యాలను అతడు గాజుపలకలపై నిలిపాడు. 1905లో అతడు మరణించిన తరువాత, ఎనిమిది దశాబ్దాలు గడచి, 2,800కు పైగా ఉన్న ఆ గాజుపలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించి భద్రపరచింది. నేటికీ వాటిని చూసినవారు ముందుగా పలికేది రాజు పేరు కాదు, దీన్‌దయాళ్ పేరే. కోరుట్లలో పుట్టి 2011లో కన్నుమూసిన బండి రాజన్‌బాబును, వరంగల్లు నుండి వచ్చి తెలంగాణ పల్లె బతుకును చిత్రించి 2022లో కన్నుమూసిన భరత్ భూషణ్‌ను కూడా మనం వారి చిత్రాల ద్వారానే గుర్తుచేసుకొంటున్నాము. చిత్రం నిలిచినంత కాలం పేరు నిలవడమే కళాకారునికి దక్కే ఆయుష్షు.

“మీట నొక్కితే బొమ్మ పడుతుంది. అందులో ఫోటో తీసినవాని గొప్పతనమేమున్నది?” అని ప్రశ్నించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఇదే ప్రశ్న 1884లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆస్కార్ వైల్డ్ అనే రచయితను సరోనీ అనే ఛాయాచిత్రకారుడు చిత్రించగా, ఒక ముద్రణ సంస్థ ఆ చిత్రాన్ని అతని అనుమతి లేకుండా వేల ప్రతులుగా అచ్చువేసింది. యంత్రం తీసిన బొమ్మకు కర్త ఎవరుంటారని ఆ సంస్థ వాదించింది. కాని కూర్చోబెట్టిన తీరు, దుస్తుల అమరిక, వెలుగునీడల పొందిక, ముఖంలో పలికించిన భావం ఇవన్నీ ఛాయాచిత్రకారుని ఊహలో పుట్టినవేనని న్యాయస్థానం భావించి అతని హక్కును నిలబెట్టింది. కలం రాయదు, కవి రాస్తాడు. అట్లే కెమెరా చూడదు, మనిషి చూస్తాడు.

మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం కూడా ఈ మాటనే చెబుతున్నది. ఛాయాచిత్రం కళాకృతి అనీ, దానిని తీసిన వ్యక్తియే దానికి కర్త అనీ ఆ చట్టం నిర్వచించింది. అంతకుముందు మన దేశంలో అమలైన బ్రిటిషువారి చట్టం ప్రకారం నెగెటివ్ ఎవరి సొత్తో వారినే కర్తగా భావించేవారు. వస్తువు నుండి మనిషికి, సొమ్ము నుండి చూపుకు హక్కు మారడం చిన్న విషయం కాదు. ఈ హక్కు కోసం ఏ కార్యాలయంలోనూ నమోదు చేసుకోవలసిన పనిలేదు. చిత్రం తీసిన క్షణంలోనే అది పుడుతుంది. 2012లో చేసిన సవరణ తరువాత ఆ హక్కు ఛాయాచిత్రకారుని జీవితకాలమంతా ఉండి, అతని అనంతరం మరి అరవై ఏండ్లు అతని వారసులకు చెందుతుంది. కవికీ చిత్రకారునికీ ఎంత కాలమో ఛాయాచిత్రకారునికీ అంతే కాలం.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇక చిక్కెక్కడ వస్తున్నది? నేను కళ్లారా చూసిన ఒక ఉదంతం చెబుతాను.

మా మండలంలోని పూనుగొండ్ల గ్రామం పగిడిద్దరాజు కొలువైన చోటు. రెండేండ్లకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఈ గ్రామం నుండే పగిడిద్దరాజు బయలుదేరుతాడు. పెనక వంశానికి చెందిన కోయ వడ్డెలు ఆయన పడగెను ఎత్తుకొని, డోలు దెబ్బల నడుమ, అడవిబాటన వాగులు దాటుతూ కాలినడకన మేడారం చేరుకొంటారు. లక్షలాది భక్తులు గద్దెల దగ్గర చూసేది ఆ ప్రయాణపు ముగింపును మాత్రమే. తొలి అడుగులను చూసేది మా పల్లెలవారే.

2012 జాతర సమయంలో మా ప్రాంతపు ఛాయాచిత్రకారుడొకడు ఆ ఊరేగింపు వెంట అడవిలో నడిచాడు. పెండ్లిండ్లకు, పాసుపుస్తకాలకు ఫోటోలు తీసి బతికే మనిషి. వయసులో నాకంటె పెద్దవాడు కనుక నేను అన్నా అని పిలిచేవాడిని. గుడిలోపలి పూజను అతడు తీయలేదు. తీయకూడదని అతనికి తెలుసు. వడ్డెల పెద్దను అడిగి, ఆయన తలూపిన తరువాతనే కెమెరా పైకెత్తాడు. తెల్లవారుజామున వాగు దాటుతున్నప్పుడు ఒక చిత్రం కుదిరింది. మోకాలిలోతు నీటిలో పడగె ఎత్తిపట్టిన వృద్ధుడు, ఆయన పంచె కొంగు పట్టుకొని వెనుక నడుస్తున్న మనుమడు, ఇద్దరి నీడలూ నీటిలో వణుకుతూ ఉన్నాయి. ఆ ఒక్క చిత్రం కోసం అతడు రెండు రాత్రులు నిద్ర మానుకొన్నాడు.

ఆ ఏడాదే ఒక సంస్థ ఛాయాచిత్రాల పోటీని ప్రకటించింది. ప్రవేశ రుసుము చెల్లించి, దరఖాస్తుపై సంతకం చేసి అతడు ఆ చిత్రాన్ని పంపాడు. బహుమతి రాలేదు. ప్రోత్సాహక బహుమతి కూడా రాలేదు. ఓటమిని అతడు తేలికగానే తీసుకొన్నాడు. కాని 2014 జాతర వచ్చేసరికి ఆ చిత్రమే దారి పొడవునా ఫ్లెక్సీలపై కనిపించింది. క్యాలెండరుపై కనిపించింది. వృద్ధుని ముఖం మీదుగా ఒక ప్రకటన అక్షరాలు కూడా అచ్చయ్యాయి. తీసినవాని పేరు మాత్రం ఎక్కడా లేదు. అతడు పోయి అడిగితే దరఖాస్తు వెనుకవైపున చిన్న అక్షరాలలో ఉన్న ఒక నిబంధనను చూపించారు. “పోటీకి వచ్చిన చిత్రాలన్నింటిపై సర్వహక్కులు నిర్వాహకులకే చెందును” అని అందులో ఉన్నది. కనీసం పేరైనా వేయండని కోరితే, క్యాలెండరులో చోటు చాలలేదన్నారు.

డబ్బు రాకపోవడం అతనిని అంతగా బాధించలేదు. బాధించినది వేరొకటి. క్యాలెండరు చూసిన వడ్డెల పెద్ద ఒకనాడు సంతలో ఎదురై, “ఏం బిడ్డా, మా పటం ఎంతకు అమ్ముకున్నవ్?” అని అడిగాడు. “అమ్మలేదు పెద్దయ్యా, నన్నడగకుండ వాళ్లే ఏసుకున్నరు” అని చెబితే ఆయన నమ్మనూలేదు, కోపగించనూలేదు. మౌనంగా వెళ్లిపోయాడు. ఆ మౌనమే మా అన్నను కుంగదీసింది. తలూపి ఇచ్చిన అనుమతి ఒకరికి, దానిని వాడుకొన్నవారు మరొకరు, మాట పడినవాడు మాత్రం తీసినవాడు. గూడెంలో పదేండ్లుగా సంపాదించుకొన్న నమ్మకం ఒక చిన్న అక్షరాల నిబంధన వల్ల పోయింది. కొన్నాళ్లకు అతడు ఆ దరఖాస్తు నకలును తీసుకొనిపోయి పెద్దాయనకు చదివి వినిపించాడు. ఆయన కాగితాన్ని కండ్లకు దగ్గరగా పెట్టుకొని చూసి, “గింత సన్న అచ్చుల రాస్తే ఎవ్వలకు కానొస్తది బిడ్డా?” అన్నాడు. చట్టం చదువని ఆ పెద్దమనిషి సమస్య మూలాన్ని ఒక్క మాటలో పట్టుకొన్నాడు.

ఆ నిబంధనలోని అన్యాయం ఎక్కడున్నదో లెక్క వేసి చూద్దాము. ఒక పోటీకి వేయి చిత్రాలు వచ్చాయనుకొందాము. మూడింటికి బహుమతులు ఇస్తారు. మిగిలిన తొమ్మిది వందల తొంభై ఏడు చిత్రాలు ఏ ప్రతిఫలమూ లేకుండా నిర్వాహకుల వశమవుతాయి. కొనబోతే వేలు, లక్షలు ఖర్చయ్యే చిత్రభాండాగారం మూడు బహుమతుల ఖర్చుతో చేకూరుతుంది. పైగా ప్రవేశ రుసుము కూడా వారికే. గెలిచినవానికిచ్చేది ప్రతిభకు బహుమతి. అది చిత్రానికి చెల్లించిన వెల కాదు. ఓడినవాని దగ్గర తీసుకొనేదానికి ఏ పేరు పెట్టాలో నాకు తోచదు.

ఇక్కడ చట్టంలోని మరొక అంశాన్ని పోల్చి చూడాలి. పెండ్లి ఫోటోలకు మొదటి హక్కుదారు ఎవరు? ఒకరు కోరి, సొమ్ము చెల్లించి తీయించుకొన్న ఛాయాచిత్రంపై, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకొన్నవారికే మొదటి హక్కు ఉంటుందని 17వ సెక్షన్ చెబుతున్నది. జీతమిచ్చి నియమించుకొన్న ఛాయాచిత్రకారుడు ఉద్యోగధర్మంగా తీసిన వాటిపై హక్కు కూడా సాధారణంగా యజమానిదే. వీటిలో న్యాయం ఉన్నది. ఒకరు వెల చెల్లించారు, మరొకరు పుచ్చుకొన్నారు. పోటీ నిర్వాహకుడు చిత్రం తీయమని కోరలేదు, జీతమివ్వలేదు, వెల చెల్లించలేదు. అడవిలో నడిచినది ఒకరైతే హక్కు మరొకరిది కావడానికి ఆధారమేమిటి? సన్నని అక్షరాలే ఆధారం.

ఇట్టి నిబంధనలలో తరచుగా వాడే మాటలను విద్యార్థులు అర్థం చేసుకోవడం మంచిది. ‘శాశ్వతంగా’ అంటే కాలపరిమితి లేదని అర్థం. ‘ప్రపంచవ్యాప్తంగా’ అంటే దేశపరిమితి లేదని అర్థం. ‘తిరిగి తీసుకోవడానికి వీలులేని’ అంటే మనసు మారినా మాట వెనుకకు రాదని అర్థం. ‘రాయల్టీ లేకుండా’ అంటే ఎన్నిసార్లు అచ్చువేసినా కర్తకు ఒక్క రూపాయి కూడా రాదని అర్థం. ‘మార్పులు చేసుకొనే హక్కు’ అంటే కత్తిరించవచ్చు, రంగు మార్చవచ్చు, మీదుగా ప్రకటన రాయవచ్చునని అర్థం. వీటికి తోడు, చిత్రం విషయమై ఎవరైనా ఫిర్యాదు చేస్తే బాధ్యత అంతా పంపినవారిదేనని మరొక వాక్యం ఉంటుంది. లాభం నిర్వాహకులది, నష్టం పంపినవారిది. ఇవన్నీ కలిస్తే పోటీ అనేది పందెం కాదు, ఎర అవుతుంది.

మహబూబాబాద్ కోర్టులో పనిచేసే ఒక న్యాయవాది మిత్రునితో కూర్చుండి మా అన్న దరఖాస్తును నేను మళ్లీ చదివాను. హక్కుల బదలాయింపు వ్రాతపూర్వకంగా, హక్కుదారుని సంతకంతో జరగాలనీ, ఏ కృతిపై, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో అన్నది అందులో ఉండాలనీ 19వ సెక్షన్ చెబుతున్నది. కాలం చెప్పనప్పుడు ఆ బదలాయింపు అయిదేండ్లకే పరిమితమవుతుంది. ప్రాంతం చెప్పనప్పుడు భారతదేశానికే పరిమితమవుతుంది. అనుమతులకు కూడా ఈ సూత్రాలే తగిన మార్పులతో వర్తిస్తాయి. ఆ దరఖాస్తులో ‘సర్వహక్కులు’ అన్న మాట ఉన్నది కాని కాలపరిమితి లేదు. అనగా 2017తో ఆ హక్కు వారి చేతిలోనుండి జారిపోయి, తీసినవానికే తిరిగి వచ్చినట్లు. ఎంత పెద్ద మాట రాసినా, కొలత చెప్పని మాటకు చట్టం ఒక హద్దు గీసింది. ఆ హద్దును తొలగించడానికే కొందరు ‘శాశ్వతంగా’ అన్న పదాన్ని చేరుస్తారని ఆనాడు నాకు బోధపడింది.

ఇంకొక సంగతి మరింత సంతోషాన్నిచ్చింది. హక్కులన్నీ బదలాయించిన తరువాత కూడా కర్త దగ్గరనే నిలిచి ఉండే హక్కులు రెండు ఉన్నాయి. ఇది నా కృతి అని చెప్పుకొనే హక్కు ఒకటి. తన గౌరవానికి భంగం కలిగేటట్లు కృతిని వికృతపరచకుండా ఆపే హక్కు మరొకటి. 57వ సెక్షన్ వీటిని కర్త ప్రత్యేక హక్కులని పేర్కొన్నది. ఢిల్లీ విజ్ఞానభవనంలో అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి రూపొందించిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో తొలగించి గోదాములో పడవేయగా, ఆయన న్యాయపోరాటం చేశాడు. ఆ శిల్పం ప్రభుత్వం సొత్తే. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పి పక్షాన తీర్పు చెప్పి, అయిదు లక్షల రూపాయల పరిహారాన్ని, మిగిలిన శిల్పభాగాలను ఆయనకు ఇప్పించింది. కొన్నవారికి కృతి చెందవచ్చును కాని, కర్తృత్వం మాత్రం కర్తను విడిచిపోదు. కనుక క్యాలెండరులో చోటు చాలలేదన్న జవాబు మర్యాదకే కాదు, చట్టానికీ నిలిచేది కాదు.

మా అన్న 2017లో ఈ సంగతులన్నీ వ్రాసి ఆ సంస్థకు రిజిస్టరు ఉత్తరం పంపాడు. జవాబు రాలేదు. కాని మరుసటి ఏడాది నుండి ఆ చిత్రం వారి క్యాలెండరులో కనిపించలేదు. అతడు ఆ చిత్రాన్ని పెద్ద ప్రతిగా అచ్చువేయించి, చట్రం కట్టించి, వెనుక తన ముద్ర వేసి వడ్డెల పెద్ద ఇంటికి తీసుకొనిపోయాడు. అది నేడు వారి గోడమీద ఉన్నది.

చట్టం గురించి ఇంత చెప్పినా, ఈ భావన మనకు పరాయిదేమీ కాదు. ప్రాచీన కవులు కావ్యాన్ని రాజుకో మంత్రికో అంకితమిచ్చేవారు. ఇచ్చినవాడు కృతికర్త, పుచ్చుకొన్నవాడు కృతిభర్త. భర్త అయినవాడు అగ్రహారాలో ధనకనకాలో ఇచ్చి కవిని సత్కరించేవాడు. అయినను ప్రతి ఆశ్వాసం చివర గద్యలో కవి తన పేరును, తండ్రి పేరును చెప్పుకొనేవాడు. ఏ కృతిభర్తా దానిని చెరిపివేయలేదు. మన పొరుగునే ఉన్న జనగామ జిల్లా బమ్మెరలో పుట్టిన పోతన తన భాగవతాన్ని రాజుకు ఇవ్వనన్నాడని ప్రతీతి. ఎవరికి ఇవ్వాలో, ఇవ్వకూడదో నిర్ణయించుకొనే స్వేచ్ఛ కర్తదేనని చాటిన కథ అది. ఆ భాగవతంలో శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారు. ఆయా స్కంధాల చివర వారి పేర్లే ఉన్నాయి. మహాకవి గ్రంథంలోనైనా ఎవరి పని వారిదిగా గుర్తించడం మన సంప్రదాయం. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని జనులు శిల్పి పేరుతో రామప్పగుడి అని పిలుచుకొంటున్నారని చెబుతారు. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినప్పుడు కూడా ఆ పేరు వెంటనే ఉన్నది. కట్టించినవాని పేరు శాసనంలో ఉండగా, చెక్కినవాని పేరు జనుల నాలుకపై నిలిచింది. నేటి పోటీ నిర్వాహకుడు కృతిభర్తగా ఉండడంతో తృప్తిపడక, కర్త స్థానాన్ని కూడా కోరుతున్నాడు. అదీ ప్రతిఫలమివ్వకుండానే.

నిర్వాహకుల అవసరాన్ని కూడా మనం గుర్తించాలి. చిత్రాలను ప్రదర్శించాలి. బహుమతి పొందినవాటిని సంచికలో ముద్రించాలి. పత్రికలకు పంపాలి. వచ్చే ఏడాది పోటీని ప్రకటించేటప్పుడు ఒకటి రెండు చిత్రాలు చూపించాలి. వీటికి అనుమతి కోరడం న్యాయమే. ఆ అనుమతి పోటీకి సంబంధించినంతవరకే, ఇంతకాలమని చెప్పి, కర్త పేరుతో వాడుకొంటామని రాసుకొంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇతర అవసరాలకు కావలసివస్తే, అప్పుడు వేరుగా అడిగి వెల చెల్లించవచ్చును. నీళ్లు తాగడానికి వచ్చినవాడు కుండను కూడా ఎత్తుకొనిపోతానంటేనే పేచీ.

నేడు ప్రతి విద్యార్థి చేతిలోనూ కెమెరా ఉన్న సెల్‌ఫోన్ ఉన్నది. పాకాల చెరువు మీద పొద్దుగుంకడాన్ని, బతుకమ్మ ఆటను, మిరపకల్లాలను మీరు రోజూ చిత్రిస్తున్నారు. వాటిలో కర్తృత్వం మీదే. కనుక కొన్ని జాగ్రత్తలు అవసరం. పోటీకి పంపేముందు నిబంధనలను చివరి అక్షరం వరకు చదవాలి. అంగీకరిస్తున్నాను అన్న గడిలో గుర్తు పెట్టడాన్ని చిన్న పనిగా భావించరాదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందాలు కూడా చెల్లుతాయని సమాచార సాంకేతిక చట్టం చెబుతున్నది. అసలు ఫైలును తేదీతో సహా మీ దగ్గరనే భద్రపరచుకోవాలి. పోటీకి తగినంత చిన్న ప్రతిని మాత్రమే పంపాలి. సర్వహక్కులు అడిగే పోటీకి పంపకుండా ఉండడం కూడా ఒక గౌరవప్రదమైన నిర్ణయమే.

హక్కుతోపాటు బాధ్యత కూడా ఉన్నది. చట్టం చిత్రానికి కర్తగా తీసినవానినే గుర్తిస్తుంది. చిత్రంలో ఉన్న మనిషికి ఆ కర్తృత్వంలో భాగం లేదు. 1940వ దశకంలో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త హైదరాబాదు రాజ్యంలోని గోండులను, కొండరెడ్లను చిత్రించాడు. ఆ చిత్రాలు నేడు లండన్ విశ్వవిద్యాలయపు భాండాగారంలో ఉన్నాయి. వాటిలోని మనుషుల మనుమలు ఇక్కడి గూడేలలో ఉన్నారు. తీసినవాని హక్కు కోసం వాదించే మనం, కనిపించేవాని గౌరవాన్ని మరచిపోరాదు. అడిగి తీయాలి. వద్దన్నచోట కెమెరా దించాలి. తీసిన పటం ఒకటి వారికి ఇవ్వాలి. మా అన్న వడ్డెల పెద్దను అడిగి తీశాడు కనుకనే, ఆయన మౌనం అతనిని అంతగా బాధించింది.

ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవం సందర్భంగా మా కళాశాలలో కూడా ఇప్పుడు పోటీ జరుపుతున్నాము. నిబంధనలను విద్యార్థులే రాశారు. అవి కాగితానికి ఒకవైపే, పెద్ద అక్షరాలలో ఉన్నాయి. చిత్రంపై హక్కు తీసినవారిదే. కళాశాల గోడపై ఒక నెల ప్రదర్శించడానికి, వార్షిక సంచికలో పేరుతో ముద్రించడానికి మాత్రమే అనుమతి కోరుతున్నాము. చిత్రంలో మనుషులుంటే వారిని అడిగి తీసినట్లు రాయాలి. ప్రవేశ రుసుము లేదు. ఆ కాగితాన్ని పూర్తిగా చదివిన ఒక విద్యార్థిని నా దగ్గరకు వచ్చి, “సార్, బహుమతి రాకపోయినా ఫోటో నాదేనా?” అని అడిగింది.

“బహుమతి వచ్చినా నీదేనమ్మా” అన్నాను.